రాజేశ్వరక్క అడిగిన గడువు

మొన్న బస్సులో పక్కసీటామె సీతాఫలం విప్పగానే, ఆ తియ్యటి వాసనకు పాకాల స్టేషనూ రాజేశ్వరక్కా గుర్తొచ్చారు. డెబ్బైల చివర్లో పాకాల బాలికల పాఠశాలలో నేను కొత్త టీచర్ని. అక్క లెక్కల టీచరు. పెళ్లి చేసుకోలేదు, తమ్ముడి కుటుంబంతో ఉండేది. ఒక్క ఊపులో ఆమె బోర్డు మీద వృత్తం గీస్తే పిల్లలు నోరు తెరుచుకుని చూసేవారు.

ఆమె కుడి రొమ్ములోని గడ్డ క్యాన్సరని వేలూరులో తేలిన రోజు తోడు వెళ్లింది నేనే. డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది. రొమ్ముతోపాటు ఛాతీ కండరాలూ తీసేసే పెద్ద ఆపరేషన్ ఒకటి. దాంతో చేయి బలం తగ్గుతుంది, పైకి లేవకపోవచ్చు. రొమ్ము మాత్రమే తీసి, కండరాలు వదిలేసి, తర్వాత కొన్ని వారాలు కరెంటు పెట్టడం, అంటే రేడియేషన్, రెండోది. చర్మం కమిలిపోతుంది, భుజం బిగుసుకుంటుంది. రెండింట్లోనూ ఎన్నేళ్లకైనా చేయి వాచవచ్చు.

"పదేండ్లకు ఏది మేలమ్మా?" అని అడిగింది అక్క.

"పెద్ద ఆపరేషన్ సంగతి మాకు బాగా తెలుసు. రెండోదాని గురించి ఇంకా చూస్తున్నాం," అంది డాక్టరమ్మ దాచకుండా.

అక్క వారం గడువు అడిగింది. పాకాలలో రైలు దిగాక సీతాఫలాలు కొని నా చేతిలో ఒకటి పెట్టింది. "తిను మే, ఏడ్చేది తర్వాత."

ఇంట్లో తమ్ముడు, "డాక్టర్లు చెప్పింది చేయించుకోక, నీకెందుకక్కా ఈ ఆలోచనలు?" అన్నాడు. "ఒళ్లు నాది గదప్పా," అంది.

ఆ వారమంతా బడి వదిలాక ఖాళీ తరగతిలో ఎడమచేత్తో అంకెలు రాసింది. అన్నీ వంకరటింకర. ఇప్పటినుంచే ఎందుకని అడిగాను.

"చెయ్యి పోతాదనే భయంతో ఎంచుకోకూడదు మే. ఈ చెయ్యి గూడా రాస్తాదని తెలిస్తే, అప్పుడు నిమ్మళంగా ఆలోచిస్తా."

శనివారానికి ఎడమచేత్తో వృత్తం గీయగలిగింది. మళ్లీ వేలూరు వెళ్లినప్పుడు ఒక్కటే అడిగింది: "గడ్డ కండరం దాకా వచ్చిందా?" రాలేదంది డాక్టరమ్మ. "అయితే దాన్ని కోసేది వద్దు," అంది అక్క.

ఆపరేషనైన నాలుగేళ్లకు కుడిచేయి వాచింది. గాజులు ఎక్కలేదు. "ఆ పొద్దే పెద్దది చేయించుకోని ఉంటే," అని మరదలు నసిగింది.

"అప్పుడూ వాచుండొచ్చు. తెలిసినంతలో నేనే ఎంచుకున్నా. దీన్ని మోసేది గూడా నేనే," అని అక్క నవ్వింది.

అప్పటినుంచి, ఎనభైల చివర్లో రిటైరయ్యేదాకా, బోర్డు మీద ఎడమచేత్తోనే రాస్తూ పాఠం చెప్పింది. అలాంటి మనిషి పక్కన నడిచానని నాకు ఇప్పటికీ గర్వం. పెద్ద నిర్ణయం ఎదురైతే, ముందు దేనికి భయపడుతున్నానో చూసుకుంటాను. దాన్ని తట్టుకోవడం కొంచెమైనా నేర్చుకున్నాకే ఔననో కాదనో చెబుతాను. ఆమె తరగతిలో నేనెన్నడూ కూర్చోలేదు. అయినా ఆమె దగ్గర చదువుకున్నదాన్నే.