ఖాసీమన్నను వేగం చంపలేదు

తొలకరి చినుకులు పడగానే మా ఇంట్లో కిటికీలన్నీ తెరుచుకుంటాయి. తడిసిన మట్టి వాసనకు అందరూ మురిసిపోతారు. నేను మాత్రం లేచి లోపలి గదిలోకి పోతాను. కరువు జిల్లాలో పుట్టినవాడికి ఆ వాసన గిట్టకపోవడమేమిటని నవ్వుతారు. ఎండిన నేల మీద నీళ్ళు పడ్డ వాసన ముక్కుకు తగిలితే నాకు ఖాసీమన్న గుర్తొస్తాడు. ఆ వెనకే కోపం వస్తుంది. ఇన్నేళ్ళయినా అది చల్లారలేదు. చల్లారాలని నేను కోరుకోనూ లేదు.

అరవైల మొదట్లో నేను ఉరవకొండలో ఒక దినపత్రికకు విలేకరిని. గుంతకల్లులో రైలు దిగే పత్రికల కట్టలను మోటారు సైకిల్ మీద మా ఊరికి తెచ్చేవాడు ఖాసీమన్న. ఎండాకాలంలో చెరువులు ఎండిపోగానే, వాటి అడుగున గట్టిపడ్డ నల్లరేగడి మీద మోటారు సైకిల్ పందేలు జరిగేవి. కళ్యాణదుర్గం వైపు నుంచి కూడా జనం బండ్లు కట్టుకొని వచ్చేవారు. పందెం ఎక్కడైనా గెలిచేది ఖాసీమన్నే. బిడ్డల్ని చంకనేసుకున్న ఆడవాళ్ళు కూడా గట్టు మీద నుంచి ఆయన పేరు పెట్టి కేకలు వేసేవారు.

మొదటిసారి ఆయన గెలుపు గురించి రాసినప్పుడు ‘గాలిని మించి దూసుకుపోయిన వీరుడు’ అన్నాను. ఆ వార్త ఉన్న కట్టను ఆయనే మోసుకొచ్చి నా ముందు దబ్బున పడేశాడు.

“ఏమప్పా, పందెం చూసినావా, యాడన్నా పండుకొని నిద్రపోయినావా?”

“చూసినా కాబట్టే రాసినా అన్నా. బాగలేదా?”

“బాగుండాది. కానీ అది నేను కాదు. మలుపు కాడ అందరూ జోరు పెంచినారు, నేను తగ్గించినా. వాళ్ళు బాట దాటి పోయినారు, నేను తిరుక్కున్నా. తగ్గించినోడు గెలిచినాడని రాయి. ఈ గాలీ గీలీ ఎవునికి కావల్ల?”

నా వృత్తిలో నేను నేర్చుకున్నదంతా ఆ తిట్టుతోనే మొదలైంది. పందెం రోజు పొద్దున ఆయన చెప్పులు విడిచి బాటంతా నడిచేవాడు. నెర్రెలు ఎక్కడ వెడల్పుగా ఉన్నాయో అరికాళ్ళతో చూసుకునేవాడు. “నువ్వు పిరికోడివన్నా” అని ఒకసారి ఎగతాళి చేస్తే, “పిరికోన్నేలే. అందుకే ఇంటికి పోయి సంగటి తింటాండా” అని నవ్వాడు.

చివరి పందెం నాడు కూడా నడిచాడు. నేల గట్టిగా, పొడిగా ఉంది. ఆ ఏడు ఊళ్ళో బావులన్నీ అడుగంటాయి. ఆ రోజు ఆఖరి పందేనికి ముందు ముఖ్య అతిథి తెల్లటి బట్టల్లో వచ్చి కూర్చున్నాడు. ఆయన కోసం వేసిన పందిరి సరిగ్గా మలుపు ఎదురుగా ఉంది. దుమ్ము ఆయన మీద పడుతుందని పందేల కమిటీ అధ్యక్షుడు ఎద్దులబండి మీద పీపాలతో నీళ్ళు తెప్పించి మలుపంతా తడిపించాడు. జనం గుక్కెడు నీళ్ళకు అల్లాడుతున్న రోజుల్లో! తడిసిన నల్లరేగడి ఎంత జారుడో మా వైపు నడక నేర్చిన బిడ్డకు కూడా తెలుసు. ఖాసీమన్న చెరువు అవతలి కొసన బండి దగ్గర ఉన్నాడు. అక్కడికి ఇదేమీ కనిపించదు.

“అయ్యా, బండ్లు జారతాయి. నేల ఆరిందాకా ఆపండి” అన్నాను.

అధ్యక్షుడు పక్కవాళ్ళను చూసి నవ్వాడు. “ఏమప్పా పేపరోడా, నీకు సైకిలన్నా తొక్కను వచ్చునా? ఖాసీము బురదలో గూడా తోల్తాడులే. ఆయప్ప బట్టలు మాస్తే నువ్వు ఉతుకుతావా?”

పందిరి కింద అందరూ నవ్వారు. నేను అవతలి కొసకు పరుగెత్తాను. సగం దూరం పోకముందే జెండా ఊపారు. చేతులు అడ్డంగా ఊపుతూ అరిచాను. ఆ దుమ్ములో ఆయనకు నేను కనిపించలేదు. మలుపు దగ్గర ఎప్పటిలాగే తగ్గించాడు. ఇంజను చప్పుడు దిగడం నేను విన్నాను. బ్రేకు పట్టగానే బండి తడి మీద జారి, ఆయన్ని పందిరికి పాతిన రాతికూసానికేసి కొట్టింది. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు.

సంతాప సభలో అధ్యక్షుడు కళ్ళు ఒత్తుకుంటూ, “వేగమే ఖాసీము ప్రాణం. ఆ వేగమే తీసుకొనిపోయింది” అన్నాడు. నేను లేచి, నీళ్ళు ఎవరు పోయించారో చెప్పమన్నాను. “సచ్చిపోయినోని కాడ గలాటా ఏమప్పా?” అని చొక్కా పట్టి కూర్చోబెట్టారు. నేను పంపిన వార్తలో నీళ్ళ మాట ఉంది. అచ్చయిన వార్తలో లేదు. ‘అతివేగంతో అదుపు తప్పి’ అని ఉంది.

ఆ పత్రిక తీసుకొని ఖాసీమన్న భార్య ఆమీనమ్మ దగ్గరికి వెళ్ళాను. చదవమంది. ఉన్నదున్నట్టు చదివాను.

“ఊరంతా ఇదే అంటాండారు. పందెం పిచ్చిలో పెండ్లాం బిడ్డల్ని మరిచినాడంట” అంది. “నువ్వు ఆడుండావు కదప్పా. తగ్గించినాడా, లేదా?”

“తగ్గించినాడు వదినా. నా చెవులతో విన్నా.”

“మరి అది రాయలేదే?”

“రాసినా. తీసేసినారు.”

ఆమె ఏడవలేదు. “అయితే మళ్ళా రాయి” అంది.

“మళ్ళా తీసేస్తే?”

“మళ్ళా రాయప్పా.”

ఇంకో పత్రికకు రాశాను. వేసుకోలేదు. కొన్నేళ్ళకు ఆ అధ్యక్షుడు పోతే ఆయన దయాగుణం మీద నాలుగు మాటలు రాయమన్నారు. నీళ్ళ గురించి రాసి పంపాను. అదీ రాలేదు. ఇప్పుడు ఆమీనమ్మ కూడా లేదు. బిడ్డలున్నారు, వాళ్ళ బిడ్డలున్నారు. పందెం పిచ్చిలో తాత పెళ్ళాం బిడ్డల్ని మరిచాడని వాళ్ళకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. మరవలేదు. ఈ ముక్క కూడా ఎవరైనా తీసేస్తే, మళ్ళా రాస్తాను.