రెండో కృష్ణుడి మీద నీలాపనింద

రేపల్లెలో నాటకం ఆగిపోవడానికి మా వీధి బర్నబాసే కారణమని తెనాలంతా చెప్పుకుంటున్నారు. కుళాయి దగ్గర అదే మాట, ఇడ్లీ బండి దగ్గర అదే మాట. అనుమతిచ్చిన ఆఫీసరు చెవిలో ఊదింది అతనేనట. చవితి చంద్రుణ్ణి చూసినందుకు ఆ కృష్ణుడికే నింద తప్పలేదంటారు. మా బర్నబాసుకు చవితి పండగే లేదాయె. ఈ పుకారు తప్పని తేల్చడానికి నేనే బయలుదేరాను.

బర్నబాసు చిన్నపిల్లలకు ఎక్కాలు చెప్పే మాస్టారు. ఆదివారం చర్చిలో పాట, మిగిలిన రోజుల్లో పద్యం. మా వైపు పద్యనాటకాల్లో ఒక్కో ఘట్టానికి ఒక్కో కృష్ణుడు వస్తాడు కదా, ఎన్నో ఏళ్లుగా అతను రెండో కృష్ణుడు. మొదటి కృష్ణుడు నాటక సమాజం నడిపే కోటేశ్వరరావు. కిరీటం మాత్రం ఇద్దరికీ ఒక్కటే.

రెండువేల తొమ్మిదిలో స్వైన్ ఫ్లూ వచ్చింది. రేపల్లెలో నాటకం ఆడే హాలుకు ఆఫీసరు షరతులు పెట్టాడు. జనం కుర్చీ విడిచి కుర్చీలో కూర్చోవాలి, మూతికి గుడ్డ కట్టుకోవాలి, మేకప్ గదిలో ఐదుగురికి మించి ఉండకూడదు. వేషగాళ్లేమో తొమ్మిదిమంది. కోటేశ్వరరావు ఐదుగురమేనని చెప్పి అనుమతి తెచ్చుకున్నాడు. ఒక్కరినైనా తగ్గిద్దామని, కృష్ణుడు ఒక్కడు చాలన్నాడు. అలా బర్నబాసు ఇంట్లో కూర్చున్నాడు.

తీరా రేపు నాటకమనగా ఆఫీసరు నుంచి కబురు వచ్చింది. లోపల ఎనిమిదిమంది ఉంటారని తెలిసిందట, అనుమతి రద్దు.

"మా లెక్క బయటివాడికెట్టా తెలుస్తుంది అక్కయ్యా? కడుపుమంట ఇంకెవరికుంది?" అన్నాడు కోటేశ్వరరావు. "దసరాకి బాపట్లలో ఆడుతున్నాం. మాస్టారి తల మీద ఆ కిరీటం మళ్లీ పెడితే నా పేరు మార్చుకుంటా."

"తొందరపడబాకు. నేను కనుక్కొస్తాగా" అన్నాను.

కరివేపాకు వంకతో బర్నబాసు ఇంటికి వెళ్లాను.

"మీ దొడ్లో చెట్టుందిగా వదినగారూ?" అంది అతని భార్య దీవెన.

"పురుగు పట్టిందిలే" అంటూ పెరట్లోకి నడిచాను. తీగ మీద బనీను ఆరేసి ఉంది. మెడ దగ్గర నీలం మరక. బట్టలకు పెట్టే నీలం కాదు, కృష్ణుడు ఒంటికి పూసుకునే నీలం. నాటకం లేనివాడికి రంగెందుకు?

"నీలిమందు ఎక్కువైందండి" అంది దీవెన, నా ముఖం చూడకుండా.

"నీలిమందు ఒక్క మెడకే పట్టుద్దా?"

దీవెన నా చేతిలో కరివేపాకు పెట్టి సాగనంపింది. పొన్నూరులోనో మరెక్కడో వేరే నాటక సమాజం వాళ్లు వేషమిచ్చారేమో, అందుకే ఇక్కడిది చెడగొట్టాడేమో అని మనసు పీకింది. పోనీలే అనుకుంటుంటే, స్టేషను దగ్గర పళ్లమ్మే శకుంతల మరో మాట వేసింది.

"మాస్టారు మొన్న రేపల్లె బండి దిగాడమ్మా. పొద్దున ఇస్త్రీ చొక్కాతో కులాసాగా వెళ్లినోడు, వచ్చేటప్పుడు జామకాయలు కొనమంటే పలకనన్నా పలకలా."

పుకారు తప్పని తేల్చబోయిన నాకే నమ్మకం సడలింది. సాయంత్రం బర్నబాసును అతని అరుగు మీదే పట్టుకున్నాను.

"తమ్ముడూ, వంకలొద్దు. ఆఫీసరుకు చెప్పింది నువ్వేనా?"

బర్నబాసు కళ్లజోడు తీసి పంచెతో తుడుచుకున్నాడు.

"నేనే అక్కయ్యా. కానీ చాడీలు చెప్పడానికి పోలేదు. ఇంట్లోనే రంగు పూసుకుని, వేషం కట్టుకుని రైల్లో వస్తానండి, ఆ గదిలో కాలు పెట్టనండి, నా పద్యాలు పాడేసి అటునుంచటే దిగిపోతానండి, ఒప్పుకోండని బతిమాలుకోడానికి పోయా. ముందురోజు ఇంట్లో వేసి కూడా చూసుకున్నా. ఆయన నవ్వి, సరే రండి మాస్టారూ అన్నాడు. అన్నాక, 'మీరు కాక లోపల ఎంతమంది?' అని అడిగాడు. వేషం దక్కిందన్న సంతోషంలో ఎనిమిదిమందండి అనేశా."