పసుపు పూసిన టేకు కుర్చీలు

“యాడికి, అన్నం తినకుండానే?” అని అడిగాను.

“నందికొట్కూరుకు. పాత బంగళాలో కుర్చీలు అమ్ముతాండారంట.”

“ఇంట్లో కూచునేకి తావు లేదు గానీ, ఇంకా కుర్చీలు కావాల్నా నీకు?”

నా మొగుడు నవ్వి, బండి కిక్కు కొట్టి పోయాడు. మేమిద్దరం మాట్లాడుకున్న చివరి మాటలవే. బేరం కుదిరి కుర్చీలు లారీకి ఎక్కిస్తుంటే అక్కడే గుండె ఆగి పోయాడు. కుర్చీలు మాత్రం ఇంటికొచ్చాయి. నవ్వుతూ పోయాడు, అది చాలు నాకు.

ఆయన పాత సామాన్లు కొని అమ్మేవాడు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో సర్కారు కచేరీలకు చేయించిన టేకు కుర్చీలంటే ప్రాణం. సన్నటి కాళ్లు కొంచెం వాలుగా నిలబడతాయి, వీపుకు బెత్తం అల్లిక. మా వీధిలో వాటిని పొయ్యిలోకి కట్టెల కింద చూసేవాళ్లు. బెంగళూరువాళ్లు మాత్రం వెతుక్కుంటూ వస్తారు.

ఆయన పోయాక కొట్టు నేను నడుపుతానంటే మావాళ్లెవరూ నమ్మలేదు. అప్పుడే బెంగళూరులో కాఫీ హోటలు పెడుతున్న ఒకామె నందికొట్కూరు కుర్చీలన్నీ కావాలంది. అవి నచ్చితే హోటలుకంతా మా సామానే. చెడితే కొట్టు మూసుకోవడమే. మొదటినుంచీ మా దగ్గర పనిచేసే వడ్రంగి సాయిబు పాత రంగంతా గీకి, గరుకు కాగితంతో రుద్ది, ఉత్త కట్టె తేలేలా చేసి పెట్టాడు. పాలిష్ వేయడమే మిగిలింది.

అంతలో దసరా వచ్చింది. ఆయుధ పూజకు మా దగ్గర ఉలి, రంపం, బండి, అన్నిటికీ పసుపు కుంకుమలు పెడతారు. కుర్చీలు కూడా అన్నం పెట్టేవే కదా. ముండమోసిన చెయ్యి పనికిరాదంటారు, సరే, ఇప్పుడు ఇది రాస్తున్న నా చెల్లెలి కూతురితోనే పెట్టించాను. ఈ పిల్ల బొట్టుతో ఊరుకుందా? గడపకు పూసినట్టు కుర్చీల కాళ్లకూ చేతులకూ పసుపు పూసింది. నాకూ ముచ్చటగానే అనిపించింది.

మరునాడు సాయిబు వచ్చి తల పట్టుకున్నాడు.

“ఏం పని చేస్తిరక్కా! ఉత్త కట్టె, అంతా తాగేసింది. ఇంక యాడని గీకేది?”

“చీరకు పసుపంటితే ఏం చేస్తాం భాయ్? ఎండకేస్తాం.”

“ఇది చీర కాదక్కా! ఈ ఎండకు కీళ్లు వదులుతాయి.”

“వదిలితే బిగించేకి నువ్వుండావు. పసుపు పోకుంటే ఎవురుండారు?”

రోడ్డు పక్కన కుర్చీలు వరసగా వేశాం. దారినపోయేవాళ్లు “ఏమక్కా, పెండ్లా?” అనడం, కూర్చోబోతే నేను తరమడం. పొద్దు తిరిగినకొద్దీ కుర్చీలనూ తిప్పాం. రెండో రోజుకు పసుపు పాలిపోయింది. సరిగ్గా అప్పుడే, చెప్పిన రోజుకంటే ముందే, బెంగళూరామె కారు దిగింది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె ఒక్కో కుర్చీలో కూర్చుని వెనక్కి ఒరిగి చూసింది. రెండు కిర్రుమన్నాయి.

“ఈ రెండూ బిగించండమ్మా. తర్వాత అన్నిటికీ పాలిష్ వేసి పంపండి. బల్లలేమైనా ఉన్నాయా?” అంది.

సాయిబు నావైపు చూశాడు. నేను అటు చూడలేదు. చూసుంటే నవ్వొచ్చేది.

ఇప్పుడు పక్క కొట్టు కూడా అద్దెకు తీసుకున్నాం. కడప నుంచి, కమలాపురం నుంచి పాత బల్లలున్నాయని ఫోన్లొస్తాయి. నేనే పోతాను, కొంచెం పైకెత్తి చూస్తాను, టేకో కాదో బరువే చెబుతుంది. బతుకు బాగానే ఉంది.

ఏమే, చెయ్యి ఆపినావేం? పసుపు పూసింది నువ్వేనని రాసినావా, నా మీదికి తోసినావా? ఏదీ, మొదటినుంచి చదువు, వింటా.