బతికున్నవాడి పేరు పక్కన శిలువ

కొరెల్లా క్రీక్ హైస్కూల్లో చచ్చినవాడొకడు గంట కొడతాడని పిల్లలు చెప్పుకునేవారు. ఆ చచ్చినవాడు సైలస్ ట్రెంబత్. నలభై ఏళ్ళుగా ఆ బడిని ఊడ్చేదీ, తాళం వేసేదీ, గంట కొట్టేదీ అతనే.

1912లో, బంగారు గని బాగా నడిచే రోజుల్లో, మనిషెత్తు దుంగల మీద నిలబెట్టిన చెక్క భవనం అది. ఎండాకాలంలో పిల్లలు దాని కింద నీడలోనే రొట్టెలు తినేవారు. విషజ్వరాలు వచ్చిన ఏడాది బడినే ఆసుపత్రి చేసి గదుల నిండా మంచాలు వేశారు. ఒక్క రెండో గదిలోనే పదకొండు మంది పోయారు. సాయంత్రం చెక్కలు చల్లబడుతుంటే హాలంతా టక్కు టక్కుమనేది, ఎవరో బూట్లతో నడిచినట్టు. కొత్తగా వచ్చిన టీచర్లు ఉలిక్కిపడేవారు. సైలస్ ఉలిక్కిపడేవాడు కాదు. ఆ నడక ఎవరిదో అతనికి తెలుసు.

హాలు గోడ మీద, యుద్ధానికి వెళ్ళిన విద్యార్థుల పేర్ల పలక. బంగారు అక్షరాలు. తిరిగి రానివాళ్ళ పేరు పక్కన చిన్న శిలువ. ఏడో పేరు సైలస్ ట్రెంబత్. పక్కన శిలువ.

సముద్రమే దాటని మనిషికి శిలువేమిటి? సైన్యం గుమాస్తాల పొరపాటని ఊరంతా నవ్వుకుంది. ఏటా ఏప్రిల్‌లో యుద్ధంలో పోయినవాళ్ళను తలుచుకునే రోజున హెడ్మాస్టరు ఆ పేర్లు చదువుతుంటే, ఏడో పేరు దగ్గర వెనక బెంచీ నుంచి ఎవడో అరిచేవాడు: "గంట దగ్గరున్నాడు సార్!"

పొరపాటు కాదు. 1916లో రూబెన్ నాన్‌కారోకి పదహారేళ్ళు. ఆ వయసువాణ్ణి సైన్యం తీసుకోదు. సైలస్‌కి ఇరవై ఒకటి; గని దుమ్ముకి ఛాతీ పాడై ఇంట్లో ఉన్నాడు. "నీ జనన పత్రం ఇవ్వు సైలస్, నీకెలాగూ అక్కర్లేదుగా" అన్నాడు రూబెన్. సైలస్ ఇచ్చాడు. ఓడలో పనికి పోతున్నానని తల్లికి చీటీ రాసిపెట్టి రూబెన్ సైలస్ పేరుతో సైన్యంలోకి వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు సైలస్ చనిపోయాడని తంతి వస్తే, సంతకం పెట్టి తీసుకున్నది సైలసే. చెబితే జైలు. రేపు చెబుదామనుకున్నాడు. ఆ రేపు నలభై అయిదేళ్ళు సాగింది.

గని మూతపడింది, పిల్లలు తగ్గిపోయారు. 1962లో, భవనాన్ని నడిమికి కోసి లారీల మీద దూరపు ఊరికి తరలించే రోజు వచ్చింది. పలక కూడా గోడతో పోతుంది.

"పెద్దాయనా, జరుగు! చచ్చినోడివని రంపం ఊరుకోదు" అన్నాడు కోత మేస్త్రీ క్లారీ.

"కాసేపాగు నాయనా."

బడిని చివరిసారి చూసిపోదామని రూబెన్ చెల్లెలు హెస్టర్ టీ ఫ్లాస్కుతో వచ్చింది. "ఏంటి, బెంగ పెట్టుకున్నావా? నీ పేరు లారీ ఎక్కి ఊరేగుతుందిలే."

"అది నేను కాదు హెస్టర్. మీ అన్న."

మూతలోకి వంచుతున్న టీ నిండి నేల మీదికి కారింది. "మళ్ళీ చెప్పు."

అంతా చెప్పాడు.

"అమ్మ ఇరవై ఆరేళ్ళు వాడి ఉత్తరం కోసం టపా రైలుకి ఎదురెళ్ళింది" అంది హెస్టర్. "చూపు ఆనకపోతే చెయ్యి పట్టుకుని స్టేషనుకి తీసుకెళ్ళింది నువ్వే కదరా!"

"నేనే."

"జైలుకి భయపడ్డావా?"

"మొదట జైలుకి. తర్వాత మీ అమ్మకి."

హెస్టర్ పలక వైపు తిరిగింది. "కత్తుందా?" అంది.

సైలస్ నిచ్చెన ఎక్కి జేబుకత్తితో తన పేరు గీకాడు. ఒక్కో అక్షరం పొడిపొడిగా రాలి చొక్కా చేతికి అంటుకుంది. కత్తి మొన శిలువ దగ్గరికి జరిగింది.

"దాన్ని ముట్టుకోకు" అంది కింద నిచ్చెన పట్టుకున్న హెస్టర్. "అది వాడిదే. ఇక దిగు, వాడి పేరు నేను రాస్తా."