డైరీ అబద్ధం చెప్పని ఆట

మా అమ్మాయి మధురవాడలో వీడియో గేములు తయారుచేసే చిన్న ఆఫీసులో పనిచేస్తుంది. ఈమధ్య రెండు రకాల ఆటలు కలిపి ఒకటి చేస్తోంది. మొదటి సగంలో ఓడ మీంచి క్రేనుతో సరుకు దించాలి. ఆ సరుకు పడిపోతుంది. రెండో సగంలో, తప్పు ఎవరిదో ఒక పాత డైరీ చదివి కనిపెట్టాలి.

ఆ డైరీ నాదే. పోర్టులో షిఫ్టు సూపర్‌వైజరుగా ఉన్నన్నాళ్లూ రోజూ రాసుకున్న పుస్తకాలన్నీ వరస నంబర్లు వేసి అట్టపెట్టెలో సర్ది గర్వంగా ఇచ్చాను.

"రెండు ఆటలూ అతకాలంటే ఒక్క నియమం ఉండాలి నాన్నా. సాక్షులు మాట మార్చచ్చు. డైరీ మాత్రం అబద్ధం చెప్పదు," అంది. నేను తలూపాను.

పోయిన ఆదివారం ఆట చూసి చెప్పమని నా పాత స్నేహితుణ్ణి పిలిచింది. ఆయన ఒకప్పుడు మా క్రేను ఆపరేటరు. వస్తూ వస్తూ తమ్ముడి పడవలో పడిన వంజరం చేపలు రెండు తెచ్చాడు. మొదటి సగం చకచకా ఆడేశాడు.

"ఏటమ్మా ఇది! నా క్రేను ఇంత బుద్దిగా మాటినేది కాదు."

తరవాత తెర మీద నా చేతిరాత వచ్చింది. 'వైరు తాడు పరీక్షించాను. బాగుంది.' ఆయన దాన్ని రెండుసార్లు చదివి, తప్పు చేసింది ఇతనేనని ఆపరేటరు బొమ్మ మీద నొక్కాడు. సరైన జవాబని గంట మోగింది.

"సూసేవా బావా, ఆటలో కూడా నానే దొంగని," అని నవ్వాడు.

నేను నవ్వలేకపోయాను. షిఫ్టు మొదలవగానే తనిఖీలు రాసే లాగ్‌బుక్కు మొత్తం ఒకేసారి నింపేయడం నా అలవాటు. తాడు, బ్రేకు, కొక్కెం, అన్నీ 'చూశాను' అని ముందే రాసి, తరవాత వెళ్లి చూసేవాణ్ణి. తెర మీద కనిపించిన ఆ రోజు మాత్రం వెళ్లలేదు. మధ్యాహ్నం తాడు తెగింది. అదృష్టం కొద్దీ కింద ఎవరూ లేరు. తాడు బాగుందని పుస్తకంలో ఉంది కాబట్టి, ఆపరేటరే విసురుగా ఎత్తాడని విచారణలో తేల్చారు. ఆయన్ని క్రేను మీంచి దించి గోడౌనులో వేశారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు.

ఆ సాయంత్రం నేను ఇంటికొచ్చి అదే వాక్యం డైరీలోకి ఎక్కించాను. నేను తప్ప ఇంకెవరూ చదవని పుస్తకంలో కూడా నిజం రాసుకోలేదు.

"ఆ రోజు తాడు నేను చూడలేదు," అన్నాను.

అమ్మాయి చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"ఇన్నేళ్లూ నానే గట్టిగా లాగేసేననుకున్నాను బావా," అన్నాడు ఆయన. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

తరవాత తెర వైపు తిరిగాడు.

"మళ్లీ పెట్టమ్మా. సూపర్‌వైజరు బొమ్మేది? నొక్కుదామంటే లేదే."

"గీస్తాను మామయ్యా," అంది అమ్మాయి. నా వైపు చూడకుండానే, "ఆ వయసు ఫొటో ఒకటి కావాలి నాన్నా," అంది.

నేను లేచి బీరువా తెరిచాను.