బర్రెపాల నిద్ర

రాష్ట్రం ఏర్పడి నాలుగేళ్లయింది. పల్లెలను నిద్రలేపాలని ప్రభుత్వం కంకణం కట్టుకుని, జీపులు పంపి, మైకులు పెట్టి శాయశక్తులా కృషి చేస్తున్న రోజులవి. సరిగ్గా ఆ రోజుల్లోనే అర్ధవీడు రంగనాయకులు నిద్ర కోసం కంభం చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. జాతి ప్రగతికి ఇది కొంత అడ్డే గాని, ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

అతనికీ తమ్ముడు సుబ్బన్నకూ కలిపి నూట అరవై గొర్రెల మంద. కోతలయ్యాక రైతులు పిలిచిన చేలో రాత్రికి మంద నిలపడం, ఆ ఎరువుకు బదులుగా గింజలు తెచ్చుకోవడం వాళ్ల జీవనం. ముప్పై ఏళ్లుగా రంగనాయకులు ఆ మంద నడుమే గొంగడి కప్పుకుని నేల మీద పడుకున్నాడు. పడుకున్నాడనడం మర్యాద కోసమే, అది కోడికునుకు. గొర్రె దగ్గితే ఒక కన్ను తెరిచేవాడు. దగ్గుతున్న గొర్రె దగ్గడం మానేస్తే రెండు కళ్లూ తెరిచేవాడు. తోడేలు వస్తే కుక్కల కంటే ముందు లేస్తాడని నాలుగూళ్లలో పేరు. అతనికున్న ఆస్తుల్లో తమ్ముడికి వాటా లేనిది ఆ పేరొక్కటే.

అలాంటివాడు ఒక ఎండాకాలం మేపు కోసం తుమ్మకొమ్మ నరుకుతూ కిందపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. మూడు నెలలు ఇంట్లో నులకమంచం మీద. ఆ మంచం మీద కునుకు పట్టలేదు. గంటల చప్పుడు లేదు, గొర్రెల వాసన లేదు, భయపడదామంటే తోడేలైనా లేదు. పక్కన భార్య మాలకొండమ్మ ఉంది గాని, ఆమెను ఎవరైనా ఎత్తుకుపోతారన్న భయం అతనికి ఎన్నడూ లేదు.

కంభంలో ఒక కాంపౌండరు తెల్లటి నిద్రబిళ్ళలిచ్చాడు. మొదట రోజుకొకటి, నాలుగు నెలలకు రెండు. కాలు అతుక్కుంది గాని బిళ్ళలు వదల్లేదు. మళ్లీ మందకు పోయిన నాలుగోనాడు రెండు బిళ్ళలు మింగి పడుకున్నాడు. తెల్లవారి సుబ్బన్న వచ్చి భుజం పట్టి ఊపితే గాని లేవలేదు. రాత్రి తోడేళ్లు పడ్డాయి, చుట్టూ తొమ్మిది గొర్రెలు గొంతులు తెగి పడి ఉన్నాయి. ఒకటి అతని కాళ్ల దగ్గరే.

సుబ్బన్న తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఇంటికి పో అన్నా. బిళ్ళలు మానినాక రా. శివరాత్రికి మంద మేపుకు కొండెక్కుతాది. ఆలోపల మానితే నీ చోటు నీదే. లేకుంటే జీతగాన్ని పెట్టుకోవాల్సిందే" అన్నాడు.

శివరాత్రికి పది వారాలుంది. రంగనాయకులు మళ్లీ కంభం పోయి, ఈసారి కాంపౌండరు వీధిని తప్పించుకుని, ఆయుర్వేదం నరసింహం పంతులు గారి అరుగెక్కాడు. పంతులు గారు నాడి పట్టుకుని, బజారులో ఒక బస్సు వచ్చి ఆగి పోయేంతసేపు దూలాల వంక చూసి, "వాతం" అన్నారు. ఆయన చేతికి వాతం లేని మనిషి ఇంతవరకు చిక్కలేదు.

"ఈ పొద్దే మానేస్తా సామీ, ఆ బిళ్ళలు."

"మానొద్దు. ఒక్కసారిగా మానితే మనిషికే ముప్పు. వారానికి పావుబిళ్ళ తగ్గించు. తలకూ అరికాళ్లకూ తైలం పట్టించు. పులుపు ముట్టొద్దు. పడుకోబోయే ముందు అశ్వగంధ పొడి వేసిన బర్రెపాలు తాగు."

"బర్రెపాలా సామీ? మా ఇంట్లో మేకపాలుండాయి."

"మేకను ఎప్పుడన్నా ఒకచోట నిలబడంగా చూసినావా? బర్రెను చూడు. వాన రానీ, కరువు రానీ, దానికేం చింత లేదు. ఆ గుణం పాలలో దిగుతుంది."

ఫీజు వద్దన్నారు. నయమైతే సంతరోజున వచ్చి ఆ అరుగు మీద కూర్చుని, అడిగినవాళ్లకు ఉన్నది ఉన్నట్టు చెబితే చాలన్నారు.

మాలకొండమ్మ చెంబు కొంగు చాటున పెట్టుకుని శ్యామలమ్మ ఇంటికి పోయింది. ఆమెకు రెండు బర్రెలు, అంతకు మించిన నోరు.

"ఏంది మాలకొండమ్మా, మీ మేకలు గొడ్డుపోయినాయా?"

"మా ఆయనకు బర్రె గుణం రావాలంట వదినా."

"ఇప్పుడు లేదా ఏంది?" అంటూనే శ్యామలమ్మ చెంబు నిండా పోసింది.

గొర్రెబొచ్చు కత్తిరించే కత్తెరతో రంగనాయకులు బిళ్ళను నాలుగు చెక్కలు చేసేవాడు. మూడో వారం చేతులు వణికి, చెక్కలు సరిగా తెగలేదు. నాలుగో వారం పగలూ రాత్రీ తేడా లేకుండా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అతని ఎదుటే గోంగూర తినడం ఇష్టంలేక మాలకొండమ్మ కూడా పథ్యం పట్టింది. అరికాళ్లకు తైలం రుద్ది రుద్ది ఆమె చేతులు నున్నబడ్డాయి. ఎనిమిదో వారానికి చివరి చెక్క కూడా అయిపోయింది. మరునాడు పొద్దు బారెడెక్కినా లేవకపోతే, ఆమె కంగారుపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. హాయిగా నిద్రపోతున్నాడు.

శివరాత్రి మూడు రోజులుందనగా గొంగడి భుజాన వేసుకుని మందకు పోయాడు. ముప్పై ఏళ్లలో ఎన్నడూ అంత నిటారుగా నడవలేదు. సుబ్బన్న అన్నకు సంగటి పెట్టి, బిళ్ళల ఊసెత్తకుండా, వేపనీడన తొమ్మిది రోజుల గొర్రెపిల్లను చూపించాడు.

"దీన్ని పక్కన కట్టుకుని రవ్వంత ఒరుగు అన్నా. నేనుంటాలే."

పిల్లను తాడుతో ముంజేతికి కట్టుకుని ఒరిగాడు. కళ్లు తెరిచేసరికి ముంజేతికి తాడు లేదు. పిల్ల సుబ్బన్న ఒడిలో ఉంది. దాని తల్లి అరిచి అరిచి గొంతు బొంగురుపోయి ఉంది.

"ఎంతసేపయింది రా?"

"మంద వాగు దాకా పోయి నీళ్లు తాగొచ్చింది. కుక్క నీ చెవి కాడ నిలబడి మొరిగింది."

"బిళ్ళ మింగలేదు సుబ్బన్నా. ఈ పిల్ల మీద ఒట్టు."

"తెలుసన్నా. బిళ్ళ అయితే ఇంకొన్నాళ్లు ఆగుదును, మానిపించొచ్చు కదా అని. ఇది మంచి నిద్ర. దీన్ని ఏమని చెప్పి మానిపిస్తాం?"

శివరాత్రికి మంద జీతగాడితో కొండెక్కింది.

రంగనాయకులు పాలు మానేశాడు, తైలం మానేశాడు. పాత గంట ఒకటి పెరట్లో వేలాడదీసి, దాని కింద నేల మీద పడుకున్నాడు. అక్కడ ఇంకా బాగా పట్టింది. చివరికి పంతులు గారి దగ్గరికే పోయి, తన పాత కునుకు తనకు ఇప్పించమన్నాడు. పంతులు గారు నాడి చూసి, దూలాల వంక చూసి, ఈసారి బస్సు రాకముందే తేల్చేశారు.

"నీకు నయమైంది. ఆరోగ్యానికి శాస్త్రంలో మందు లేదు, రంగనాయకులూ."

మాట ఇచ్చినవాడు గనుక, ప్రతి సంతకూ వచ్చి ఆ అరుగు మీద కూర్చుంటున్నాడు. ఒక వారం తర్లుపాడు నుంచి భాగ్యమ్మ అనే ఆమె నిద్రలేక కళ్ల కింద నల్లబడి వచ్చింది. పంతులు గారు, పట్టుబట్టల దుకాణంవాడు మేలురకం చీర చూపించినట్టు, అతని వైపు చెయ్యి చూపించారు.

"నిజంగా నిద్ర పడతాదా అన్నా?" అని అడిగింది భాగ్యమ్మ.

"పడతాది తల్లీ" అన్నాడు రంగనాయకులు. "పక్కన ఏదెత్తుకుపోయినా తెలియదు."