పుర్రెల గది మాస్టారు

కోర్బినియన్ మాస్టారి ముందు పెద్ద మాటలు వాడకూడదని మా ఊళ్లో పాలు తాగే పిల్లలకి తప్ప అందరికీ తెలుసు. పెద్ద మాటలంటే హక్కు, న్యాయం, సమానం, స్వేచ్ఛ లాంటివి. పొరపాటున నోరు జారామా, ఇక అంతే. "అది నీకెక్కడిది?" అని నిలదీసేవారు, తన గడియారం మన జేబులో దొరికినట్టు. జవాబు కోసం ఆగేవారు కాదు. మోచెయ్యి పట్టుకుని తిన్నగా పుర్రెల గదికి లాక్కుపోయేవారు.

మాది ఆస్ట్రియా కొండల్లో సరస్సుకీ రాతిగుట్టకీ మధ్య ఇరుక్కున్న ఊరు. శ్మశానంలో చోటు చాలదు. అందుకని పాత సమాధులు తవ్వి, పుర్రెలు తీసి ఎండబెట్టి, నుదుటి మీద పేరూ ఆకుల దండా రంగుతో వేసి, చర్చి వెనక గదిలో అరల మీద పేర్చేవాళ్లు మా పెద్దలు. ఆరువందల మంది ఉన్నారక్కడ. బడిలో చరిత్ర చెప్పి రిటైరయ్యాక ఆ గది తాళంచెవి మాస్టారి చేతికొచ్చింది. ఆయనకది తరగతి గదే. పైగా అక్కడి పిల్లలు గంట కొట్టినా లేచిపోరు.

నేను ఊరికి ఉత్తరాలు పంచేదాన్ని. పేరు వాల్బుర్గా, అందరూ వాల్లీ అంటారు. రోజూ ఆయన గడప తొక్కక తప్పని ఉద్యోగం.

ఒకసారి రొట్టెల కొట్టు ఒట్టీలియా, వరసలో మధ్యకి దూరబోయిన హోటలు యజమాని మీద కేకలేసింది. "ఇక్కడ అందరూ సమానమే! వెనక్కెళ్లి నిలబడండి!" ఆ వెనకే మాస్టారున్నారని చూసుకోలేదు.

"సమానమా? అది నీకెక్కడిది ఒట్టీలియా? పిండిలో కలిపావా?"

"మీకు దణ్ణం పెడతాను మాస్టారూ, పొయ్యిలో రొట్టెలున్నాయి."

"మాడనీ."

పుర్రెల గదిలో రెండు పుర్రెల నుదుళ్లు అరచేతులతో మూసి పట్టుకున్నారు. "వీళ్లలో ఒకడు ఈ లోయకంతటికీ ప్రభువు. రెండోవాడు ఆయన ఆవులు కాసినవాడు. ప్రభువెవరో చెప్పు."

పాపం ఒట్టీలియా, పళ్లు చక్కగా ఉన్నవాణ్ణి చూపించింది.

"వాడే ఆవులవాడు! దేవుడి ముందు వీళ్లిద్దరూ ఒకటేనని ప్రతి ఆదివారం చర్చిలో చెప్పేవాళ్లు. చెప్పిన ఫాదరూ నమ్మలేదు, విన్న ప్రభువు అసలే నమ్మలేదు. కానీ వెయ్యేళ్లు అదే మాట చెబితే గోడలకైనా పట్టేస్తుంది కదా! ఇప్పుడు నువ్వు చర్చికి రావడం మానేశావు. ఆ మాట మాత్రం నీ కొట్లో వరస కట్టిస్తోంది."

ఆ పూట ఊరంతా మాడిన రొట్టెలే తిన్నాం.

ఈ సంగతి విని ఫాదర్ ఎర్హార్ట్ ఉబ్బిపోయాడు. "విన్నారా? మీరు గొప్పగా చెప్పుకునేవన్నీ మా చర్చి పెట్టిన భిక్షే!" అన్నాడు. మాస్టారు ఆయన మోచెయ్యి కూడా పట్టుకుని గదికి లాక్కెళ్లి, ఒక పుర్రె చూపించారు.

"ఈయన నేతగాడు ఫాదర్. ఇంట్లో తలుపులేసుకుని తనంతట తాను బైబిలు చదువుకున్నాడని మీవాళ్లే జైల్లో పెట్టించారు. నా మనసులోకి తొంగిచూడ్డానికి మీరెవరన్నాడు. జైల్లో ఛాతీ జబ్బు పట్టుకుంది గానీ మాట మార్చలేదు. స్వేచ్ఛ అనే మాటకీ ఇదే పుట్టిల్లు. అయితే మీరిచ్చింది కాదు. మీ చేతిలో దెబ్బలు తిన్నవాడిచ్చింది."

ఫాదర్ మూడు వారాలపాటు తన చర్చికి తనే దొంగలా వచ్చివెళ్లాడు.

బోస్నియాలో యుద్ధం నడుస్తున్న ఏడాది, నవంబరులో మాస్టారి ఉపన్యాసాల జబ్బు ముదిరింది. పెద్ద మాటలే అక్కర్లేకపోయింది. "నమస్కారం" అన్నా చాలు, "అది నీకెక్కడిది?" అనేవారు. జనం ఆ వీధి వైపే పోవడం మానేశారు. నేను మాత్రం సంచీ భుజాన వేసుకుని పొగమంచులో పడి వెళ్లేదాన్ని. మధ్యాహ్నం మూడింటికే చీకటిగా ఉండేది. సరస్సు కనిపించదు, దాని చప్పుడే వినిపిస్తుంది.

ఒకనాడు గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల మాస్టారి గొంతు. మాట ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఎవరో నిట్టూర్చారు. నేను లోపలికి తొంగిచూశాను. ఆయన ఒక్కరే. చుట్టూ ఆరువందల పుర్రెలు, కొవ్వొత్తి కదిలినప్పుడల్లా వాటి కళ్లగుంటల్లో నీడలు ఇటూ అటూ తిరుగుతున్నాయి.

"ఎవరు మాస్టారూ?"

"ఎవరూ లేరే. మన ఊరివాళ్లే."

అప్పుడు స్పష్టంగా దగ్గు వినిపించింది. అరల వెనక నుంచి, లోతుగా, తెరలు తెరలుగా.

"నేతగాడు," అన్నారు మాస్టారు తాపీగా. "నవంబరొస్తే ఆయన ఛాతీ పట్టేస్తుంది."

దగ్గు వచ్చిన వైపు వెళ్లి చివరి అర పట్టుకున్నాను. నా వేళ్లు ఒక పుర్రెకి తగిలాయి. అది వెచ్చగా ఉంది. జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురంత వెచ్చగా. ఉత్తరాలు అక్కడే పారేసి పరుగెత్తాను. మర్నాడు కొట్లో చెబితే ఒట్టీలియా నవ్వలేదు. గొంతు తగ్గించి, "మొన్న నన్ను లాక్కెళ్లినప్పుడు నాకు కాఫీ వాసన వచ్చిందే," అంది. "అంతమంది చచ్చినవాళ్ల మధ్య, ఎవరో అప్పుడే కాచినట్టు."

ఆ వారంలోనే పోలీసు గెర్విన్ వచ్చాడు. అతనూ మాస్టారి శిష్యుడే. కింది ఊరి శరణార్థుల విడిదిలోంచి ఇద్దరు బోస్నియా ఆడవాళ్లు కనబడకుండా పోయారట, అత్తా కోడలూ. వాళ్లని సరిహద్దు దాటించెయ్యమని ఉత్తర్వు. ఊళ్లో అన్ని గదులూ వెతకాలి. పుర్రెల గదికి ఒంటరిగా వెళ్లడానికి జంకి, ఉత్తరాల వంకతో నన్ను తోడు తీసుకెళ్లాడు.

"చట్టప్రకారం లోపల చూడాలి మాస్టారూ."

"చట్టమా? అది నీకెక్కడిది నాయనా? రా, కూర్చో."

గెర్విన్ తలుపు వైపు ఒక చూపు చూసి కూర్చున్నాడు. మాస్టారు పై అర నుంచి ఒక పుర్రె దింపి అతని ఒళ్లో పెట్టారు.

"వీడు మనిషిని చంపాడు. తరుముకొస్తుంటే పరుగెత్తుకొచ్చి మన చర్చి తలుపు కడియం పట్టుకున్నాడు. వెంటపడినవాళ్లు పన్నెండుమంది, అందరి చేతుల్లోనూ కత్తులు. తలుపుకి గడియైనా లేదు. అయినా గడప దాటలేదు. వారాల తరబడి బయటే కూర్చున్నారు. ఎందుకంటావ్?"

గెర్విన్ పుర్రెని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"దేవుడంటే భయంతో. ఆ భయం పోయింది. ఆ గడప మిగిలింది. ఇప్పుడు దాన్ని ఆశ్రయం కోరే హక్కు అని కాగితం మీద రాసుకున్నాం. కాగితాన్ని దాటడం సులువు నాయనా. అదే నా దిగులు."

అప్పుడే వెనక నుంచి దగ్గు. కొవ్వొత్తి రెపరెపలాడింది. గెర్విన్ లేచి, పుర్రెని జాగ్రత్తగా పైన పెడుతూ వెనక గోడకి అరచెయ్యి ఆనించాడు. చాలాసేపు తియ్యలేదు. ఆ గోడ వెచ్చగా ఉందని అతని మొహంలోనే తెలిసింది. మాస్టారు మొదటిసారి మాట్లాడకుండా నిలబడ్డారు.

"మాస్టారూ, చచ్చినవాళ్లకి దగ్గొస్తుందా?"

"నవంబరులో వస్తుంది."

గెర్విన్ టోపీ తీసి కాసేపు తల వంచుకున్నాడు. తరవాత పుస్తకం తీసి, పైకి చదువుతూ రాసుకున్నాడు. "పుర్రెల గది. చూడబడినది. బతికున్నవారు మాస్టారు ఒక్కరే." బయటికొచ్చాక నా చెవిలో, "వాల్లీ, రేపు దగ్గుమందు పట్టుకెళ్లు. ఎవరికని మాత్రం అడక్కు," అన్నాడు.

పట్టుకెళ్లాను. మాస్టారు సీసా చూసి చివరి అర పక్కకి జరిపారు. వెనక పూర్వం సమాధులు తవ్వేవాడు ఉండే చిన్న గది. మూల పొయ్యి, దాని మీద కాఫీ. పొగ బయట పొగమంచులో కలిసిపోయేది. పొయ్యి దగ్గర దుప్పటి కప్పుకుని ముసలి జుమ్రా, పక్కన ఆవిడ కోడలు హైరియా. ఊరు ఊరంతా ఆయన ఉపన్యాసానికి దడిసి ఆ గది ఛాయలకి రాకుండా ఉన్నందుకే వాళ్లిద్దరూ అప్పటికి నెలరోజులుగా క్షేమంగా ఉన్నారని అప్పుడు నాకర్థమైంది.

ఫిబ్రవరి చివర, వాళ్లు ఇక్కడే ఉండిపోవచ్చని రాజధాని నుంచి ఉత్తరం వచ్చింది. దాని కోసం మాస్టారు ఎన్ని అర్జీలు రాశారో మోసిన నాకే తెలుసు. హైరియా ఒట్టీలియా కొట్లో పనికి కుదిరింది.

ఒకరోజు కొట్లో నేనే అడిగాను. "అన్ని నెలలు ఆయన చరిత్ర పాఠాలు ఎలా భరించారమ్మా?"

హైరియా తెల్లబోయి, పక్కనే కూర్చున్న అత్తగారికి వాళ్ల భాషలో చెప్పింది. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు.

"పాఠాలా? మా దగ్గర ఆయన నోరు విప్పలేదే! వచ్చి, పొయ్యిలో కట్టెలు పెట్టి, ఆపిల్‌పళ్లు చెక్కు తీసి ఇచ్చి, ఊరికే కూర్చునేవారు. అవతల గదిలో మాట్లాడేది ఇంకెవరో అనుకున్నాం. పాపం మూగాయన కాబోలని, ఆయనకి మాట రావాలని మా అత్త రోజుకి ఐదుసార్లు దువా చేసేది."

ఒట్టీలియా చేతిలో రొట్టెల పళ్లెం ఠక్కున బల్ల మీద పెట్టేసింది.

"అయితే శీతాకాలమంతా మా ప్రాణాలు తోడేసింది ఈవిడ దువానా!"